బావి అడుగున 175 డిగ్రీల వేడిలో: ప్రెషర్ గేజ్ ఎలక్ట్రానిక్స్‌ను మొదటినుంచీ తయారుచేసుకోవడం ఎలా

గారెలు వేగే నూనె వేడి ఇంచుమించు 175 డిగ్రీల సెల్సియస్. అలాంటి నూనెలో ఒక సర్క్యూట్ బోర్డును ముంచి, అయిదేళ్లు తియ్యకుండా, సెకనుకో రీడింగ్ తప్పకుండా పంపమంటే ఎలా ఉంటుంది? చమురు బావిలో శాశ్వతంగా దించే ప్రెషర్ గేజ్ చెయ్యాల్సిన పని అదే. పైగా బయటినుంచి 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి.

భూమిలోకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సగటున 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. పైన 30 డిగ్రీలుంటే అయిదు కిలోమీటర్ల లోతున 155 నుంచి 180 మధ్య ఉంటుంది. మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో లోతైన బావులు ఈ కోవలోవే. 2005లో జీఎస్‌పీసీ (గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్) కనుగొన్న దీన్‌దయాళ్ క్షేత్రం, 2023 జూన్‌లో రిలయన్స్–బీపీ ఉత్పత్తి మొదలుపెట్టిన ఎంజే క్షేత్రం, రెండూ అధిక పీడన, అధిక ఉష్ణోగ్రత రిజర్వాయర్లే, అంటే చమురు, వాయువు నిండిన రాతిపొరలే. పరిశ్రమలో 150 డిగ్రీలు, 10,000 పీఎస్ఐ దాటితే ఆ బావికి హెచ్‌పీహెచ్‌టీ (హై ప్రెషర్, హై టెంపరేచర్) ముద్ర పడుతుంది.

మామూలు పారిశ్రామిక చిప్పులు 85 డిగ్రీల దగ్గర, కార్లలో వాడేవి 125 దగ్గర ఆగిపోతాయి. కార్ల గ్రేడులో అన్నిటికన్నా గట్టిదైన గ్రేడ్ 0 కూడా 150 డిగ్రీలే. ఆ పైన అంగట్లో కొనుక్కొచ్చి పెట్టేసే దారి దాదాపు ఉండదు. అందుకే ఈ రంగంలో చాలా కంపెనీలు సొంత ఎలక్ట్రానిక్స్ చేసుకుంటాయి. సర్క్యూట్ గియ్యడం వచ్చిన ఇంజనీరు, వేడి సంగతి కొత్తయినవాడు, ఈ పని ఎక్కడ మొదలుపెట్టి ఎలా నడిపించాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణగా ఒకే పరికరాన్ని తీసుకుంటాను: ట్యూబింగ్‌తోపాటు (ఉత్పత్తి పైకి వచ్చే గొట్టం) బావిలోకి దిగి, కేబుల్ మీద పైకి పీడనం, ఉష్ణోగ్రత పంపే శాశ్వత గేజ్. నిరంతరం 175 డిగ్రీలు, అప్పుడప్పుడూ 200, ఆయుష్షు అయిదేళ్లు.

ముందే ఒక మాట. ఈ పనిలో స్కీమాటిక్ (సర్క్యూట్ చిత్రం) చిన్న భాగం. చిప్ బతికి ఉండగానే చుట్టూ ఉన్న అతుకులు, పూతలు, తీగలు చచ్చిపోవడం వల్ల గేజ్‌లు పోతుంటాయి. మీ సమయాన్నీ డబ్బునూ ఆ లెక్కనే పంచుకోండి.

మొదటి అడుగు: ఉష్ణోగ్రతతోపాటు గంటలు కూడా రాసుకోండి

"175 డిగ్రీలు" అన్న ఒక్క అంకెతో స్పెసిఫికేషన్ పూర్తి కాదు. ఎన్ని గంటలు అన్నది దాని పక్కనే ఉండాలి. అయిదేళ్లంటే 43,800 గంటలు. వైర్‌లైన్ (ఉక్కు కేబుల్) మీద దింపి, బావిని కొలిచి పైకి లాగే లాగింగ్ టూల్‌కు ఇదంతా అక్కర్లేదు. దాన్ని థర్మాస్ లాంటి డ్యూవార్ ఫ్లాస్కులో పెట్టి, లోపల వేడెక్కేలోపు పని ముగించుకుని బయటికి తీస్తారు. శాశ్వత గేజ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఏ ఫ్లాస్కులో పెట్టినా కొన్ని గంటల్లో లోపలా బయటా ఒకే వేడి అవుతుంది.

రిజర్వాయర్ ఇంజనీరును అడిగి ఈ సంగతులు రాయించుకోండి: గేజ్ కూర్చునే లోతున నిశ్చల ఉష్ణోగ్రత ఎంత, బావి పారుతున్నప్పుడు అది ఎంతకు పెరుగుతుంది, షట్-ఇన్ చేసినప్పుడు (బావిని మూసినప్పుడు) ఎంతకు తగ్గుతుంది, ఏడాదికి ఎన్నిసార్లు అలా జరుగుతుంది. పారుతున్న వాయువు అడుగున ఉన్న వేడిని పైకి మోసుకొస్తుంది కాబట్టి, రిజర్వాయర్‌కు కాస్త పైన కూర్చున్న గేజ్ నిశ్చల స్థితిలో కంటే ఉత్పత్తి సమయంలోనే ఎక్కువ వేడెక్కుతుంది. ఆ హెచ్చుతగ్గుల సంఖ్యే తర్వాత సోల్డర్ జాయింట్ల ఆయుష్షును తేలుస్తుంది.

డేటాషీట్లు చదివేటప్పుడూ ఇదే పట్టింపు ఉండాలి. "200 డిగ్రీలకు రేటింగ్" అని రాసిన భాగం వెయ్యి గంటలు బతికితే చాలనుకుని పరీక్షించినదా, అయిదేళ్లకా? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన హెచ్‌టీ శ్రేణి చిప్పుల డేటాషీట్లలో ఉష్ణోగ్రతకు ఆయుష్షు ఎలా పడిపోతుందో గ్రాఫ్ ఇస్తుంది. ఆ గ్రాఫ్ ఇవ్వని తయారీదారును నేరుగా అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఆ భాగాన్ని మీరే పరీక్షించుకోవాల్సి వస్తుందని బడ్జెట్‌లో రాసుకోండి.

రెండో అడుగు: సెన్సార్‌ను బట్టే సర్క్యూట్

పీడనం కొలవడానికి రెండు ప్రధాన దారులున్నాయి. ఒకటి సిలికాన్ లేదా సఫైర్ డయాఫ్రమ్ మీద స్ట్రెయిన్ రెసిస్టర్ల బ్రిడ్జి. చవక, చిన్నది. కానీ కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్‌ను 175 డిగ్రీల వేడిలో పెంచి, డిజిటల్‌గా మార్చాలి. రెండోది క్వార్ట్జ్ రెజొనేటర్: పీడనానికి దాని కంపనాల ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఖరీదెక్కువ. అయినా రిజర్వాయర్ అధ్యయనానికి నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టడానికి ఏడీసీ (అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చే చిప్) అక్కర్లేదు, వోల్టేజ్ రిఫరెన్స్ అక్కర్లేదు. వేడిలో ముందు దారితప్పేవి ఆ రెండే.

క్వార్ట్జ్ గేజ్‌లో మూడు స్ఫటికాలుంటాయి: ఒకటి పీడనానికి, ఒకటి ఉష్ణోగ్రతకు, ఒకటి రిఫరెన్స్ గడియారానికి. పీడన ఫ్రీక్వెన్సీని రిఫరెన్స్‌తో కలిపి కిందికి దించితే కిలోహెర్ట్జ్‌లలోకి వస్తుంది. అక్కడ సైకిళ్లను నేరుగా లెక్కపెట్టకుండా, నిర్ణీత సంఖ్యలో సైకిళ్లు పూర్తయ్యేసరికి రిఫరెన్స్ గడియారం ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టాలి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్, సెకను వ్యవధి అయితే కొలత ఖచ్చితత్వం కోటిలో ఒక వంతు. సిగ్నల్ 30 కిలోహెర్ట్జ్ ఉంటే 3 మిల్లీహెర్ట్జ్ తేడా తెలుస్తుంది. 15,000 పీఎస్ఐకి 20 కిలోహెర్ట్జ్ మారే సెన్సార్‌లో అది 0.002 పీఎస్ఐ చిల్లర. ఒక కౌంటరు, కాసిని లాజిక్ గేట్లతో వచ్చిన ఫలితం ఇది.

రిఫరెన్స్ స్ఫటికమూ వేడికి జరుగుతుందని మరవకండి. మూడింటినీ కలిపి ఒకే యూనిట్‌గా క్యాలిబ్రేట్ చెయ్యాలి. విడిగా చేసి తర్వాత జతకడితే ఆ క్యాలిబ్రేషన్ చెల్లదు.

మూడో అడుగు: చిప్పులు ఎక్కడినుంచి

సిలికాన్‌కు వేడి ఎందుకు పడదో ఒక్క అంకెలో చెప్పొచ్చు. గది ఉష్ణోగ్రతలో స్వచ్ఛమైన సిలికాన్‌లో ఘన సెంటీమీటరుకు సుమారు వెయ్యి కోట్ల, అంటే 10 తర్వాత తొమ్మిది సున్నాల, స్వేచ్ఛా వాహకాలుంటాయి. 200 డిగ్రీలకు అవి పదివేల రెట్లు పెరుగుతాయి. మనం కావాలని వేసిన డోపింగ్‌కు ఇవి పోటీ వస్తాయి. జంక్షన్ లీకేజీ ప్రతి పది డిగ్రీలకూ దాదాపు రెట్టింపవుతుంది. మామూలు సీమాస్ చిప్పులో ప్రతి ట్రాన్సిస్టర్ కింద అడుగు సిలికాన్‌తో పెద్ద జంక్షన్ ఉంటుంది కాబట్టి లీకేజీ అంతా అక్కడే పారుతుంది, లాచప్ (చిప్పు తనంతట తానే షార్టయిపోవడం) కూడా అక్కడే పుడుతుంది. సిలికాన్ ఆన్ ఇన్సులేటర్ పద్ధతిలో, అంటే ఎస్‌వోఐలో, ట్రాన్సిస్టర్ కింద ఆక్సైడ్ పొర వేసి ఆ దారిని మూసేస్తారు. హెచ్చు ఉష్ణోగ్రత చిప్పులకు ఎస్‌వోఐ పునాది కావడానికి కారణం అదే.

కొనడానికి దొరికేవి మూడు రకాలు. మొదటి రకం 225 డిగ్రీలకే పుట్టిన ఎస్‌వోఐ భాగాలు: హనీవెల్ హెచ్‌టీమాస్ శ్రేణి, బెల్జియంలోని సిసాయిడ్ శ్రేణి. ఆప్ ఆంప్, వోల్టేజ్ రెగ్యులేటర్, ఆసిలేటర్ లాంటి మౌలిక భాగాలు వీటిలో దొరుకుతాయి. హనీవెల్‌లో పాతకాలపు 8051 తరహా మైక్రోకంట్రోలర్ కూడా ఉంది. రెండో రకం 175 నుంచి 210 డిగ్రీలకు అర్హత పొందిన భాగాలు: టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ హెచ్‌టీ శ్రేణి, అనలాగ్ డివైసెస్ వారి ఏడీ 8229 ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్, ఏడీ 7981 ఏడీసీ వంటివి. మూడో రకం మామూలు చిప్పులనే కొని, ఓవెన్‌లో పెట్టి, బతికినవాటిని ఏరుకోవడం.

మూడో దారి చవకగా కనిపిస్తుంది. నేను దాన్ని ప్రోటోటైప్ వరకే వాడమంటాను. ఈ నెల కొన్న లాటులో బాగా పనిచేసిన చిప్పును తయారీదారు వచ్చే ఏడాది చెప్పకుండానే వేరే డై (లోపలి సిలికాన్ ముక్క) మీదికి, వేరే ప్యాకేజీ రసాయనంలోకి మార్చేయవచ్చు. అతని హామీ 125 డిగ్రీల వరకే, తప్పు పట్టడానికి మనకు హక్కు లేదు. తప్పనిసరై వాడితే ఒకే డేట్ కోడ్ (తయారీ తేదీ ముద్ర) ఉన్న రీలును ప్రాజెక్టు మొత్తానికీ సరిపడా కొని దాచుకోండి.

సొంత చిప్ తయారీ పెద్ద మాటలా వినిపిస్తుంది కానీ ఈ రంగంలో అది అసాధ్యం కాదు. ఎక్స్-ఫ్యాబ్ ఒక మైక్రాన్ ఎస్‌వోఐ ప్రాసెస్‌ను 225 డిగ్రీల దాకా ఇస్తుంది. ఆసిలేటర్లు, మిక్సర్, కౌంటర్లు, టెలిమెట్రీ, అన్నీ ఒకే చిన్న చిప్పులోకి పోతే బోర్డు మీద అతుకులు వందల్లోంచి పదుల్లోకి దిగుతాయి. ముందు చెప్పినట్టు పోయేవి అతుకులే. ఏటా కొన్ని వందల గేజ్‌లు చేసే సంస్థకు ఈ లెక్క గిట్టుబాటవుతుంది. పదీ ఇరవై చేసేవారు విడి భాగాలతోనే నెట్టుకురావడం మంచిది. సిలికాన్ కార్బైడ్ చిప్పులను నాసా గ్లెన్ కేంద్రం 500 డిగ్రీల్లో వేల గంటలు నడిపింది, శుక్రగ్రహాన్ని దృష్టిలో పెట్టుకుని. చమురు బావికి అంత అవసరం లేదు, అంగట్లో కొనడానికీ దొరకదు.

ఫ్లాష్ మెమరీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోటింగ్ గేట్ మీద నిల్వ ఉన్న ఛార్జి వేడికి కారిపోతుంది. ప్రోగ్రామ్, క్యాలిబ్రేషన్ అంకెలు కొన్నేళ్లకు చెదిరిపోతాయి. కాబట్టి బావి అడుగున ప్రోగ్రామ్ లేకుండా చూసుకోండి: గేజ్ లోపల గట్టి లాజిక్ మాత్రమే ఉంచి, అది ముడి కౌంట్లు పంపితే చాలు. క్యాలిబ్రేషన్ గుణకాలను గేజ్ సీరియల్ నంబరుతో పైన ఉండే కంప్యూటర్లో పెట్టండి. సీరియల్ నంబరు కోసం బోర్డు మీద కొన్ని జంపర్లు (చిన్న తీగ లంకెలు) కోస్తే అదే మెమరీ.

నాలుగో అడుగు: వేడికి లొంగని సర్క్యూట్

ఇన్‌పుట్ దగ్గరున్న ఈఎస్‌డీ (స్థిర విద్యుత్తు దెబ్బ) రక్షణ డయోడ్‌ను చూడండి. 25 డిగ్రీల దగ్గర దాని లీకేజీ 10 పికోఆంప్‌లు. ఎవరూ పట్టించుకోరు. 175కు వచ్చేసరికి పదిహేనుసార్లు రెట్టింపై 0.33 మైక్రోఆంప్ అవుతుంది. దాని ముందు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటే 33 మిల్లీవోల్టుల తప్పు. 2.5 వోల్టుల 16 బిట్ ఏడీసీలో అది 860 మెట్లు. కాబట్టి అనలాగ్ నోడ్లలో రెసిస్టర్ విలువలు పది కిలోఓమ్‌ల లోపే ఉంచండి. తప్పనిసరైతే గార్డ్ ట్రేస్ (లీకేజీని పక్కకు మళ్లించే గీత) చుట్టండి. బ్యాటరీ ఆదా కోసం మెగాఓమ్‌లు వాడే అలవాటును ఇక్కడ వదిలేయాలి.

డయోడ్ ఫార్వర్డ్ వోల్టేజ్ డిగ్రీకి రెండు మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. గదిలో 0.65 ఉన్నది 175 దగ్గర 0.35. బయాస్ కోసం డయోడ్ డ్రాప్ మీద ఆధారపడ్డ సర్క్యూట్లన్నీ దారితప్పుతాయి. ఎలక్ట్రాన్ల చలనశీలత పడిపోయి లాజిక్ వేగం దాదాపు సగమవుతుంది. క్లాక్‌ను అందుకు తగ్గట్టు పెట్టుకోండి. రీసెట్ సర్క్యూట్‌ను చల్లని స్థితిలోనూ, వేడి స్థితిలోనూ, నెమ్మదిగా పెరిగే సరఫరా మీదా విడివిడిగా పరీక్షించండి. బావి అడుగున కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు గేజ్ పూర్తి వేడిలోనే స్టార్ట్ కావాలి. గదిలో స్టార్ట్ చేసి తర్వాత వేడిచేసిన పరీక్ష ఈ సంగతిని పట్టుకోలేదు.

కెపాసిటర్ల దగ్గర చాలా ప్రాజెక్టులు తడబడతాయి. ఎక్స్7ఆర్ సెరామిక్ 125 డిగ్రీల దాకానే. 200కు చేరేసరికి దాని విలువ సగం దాకా పోతుంది, వోల్టేజ్ మీదుంటే ఇంకా పోతుంది, ఇన్సులేషన్ కూడా కారుతుంది. సీ0జీ రకం నిలకడగా ఉంటుంది, 200 డిగ్రీల రేటింగ్‌తో దొరుకుతుంది. కాకపోతే అదే విలువకు పెద్దదిగా ఉంటుంది. ఒకటి రెండు మైక్రోఫారడ్‌లు దాటితే టాంటలమ్ తప్పదు. 200 డిగ్రీలకు చేసిన ఘన టాంటలమ్‌లున్నాయి, వాటిని రేటెడ్ వోల్టేజ్‌లో సగానికి మించకుండా వాడాలి. అల్యూమినియమ్ ఎలక్ట్రోలిటిక్ వైపు చూడనే వద్దు, లోపలి ద్రవం ఉడికిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్లు, ఇండక్టర్లలో మాంగనీస్–జింక్ ఫెరైట్ వాడితే దాని క్యూరీ ఉష్ణోగ్రత చాలా గ్రేడుల్లో 200 నుంచి 230 మధ్యే. అది దాటితే కోర్ అయస్కాంత గుణం పోయి, ఇండక్టర్ ఉత్త తీగచుట్టగా మిగులుతుంది. మాలీ పర్మలాయ్ పౌడర్ కోర్లకు క్యూరీ 460 డిగ్రీలు. అయితే ఆ కోర్ మీది ఎపాక్సీ పూత మాత్రం 200కే. డేటాషీట్‌లో పెద్ద అంకె చూసి మురిసిపోకుండా కిందికి చదవాలి. తీగకు పాలిమైడ్ (polyimide) పూత ఉన్నది తీసుకోండి.

అయిదో అడుగు: బోర్డు, సోల్డర్, తీగలు

గేజ్‌ల ప్రాణం ఎక్కువగా ఉండేదీ, పోయేదీ ఇక్కడే. నింపాదిగా చదవండి.

మామూలుగా వాడే ఎఫ్‌ఆర్4 బోర్డు గాజులా గట్టిగా ఉండే స్థితినుంచి మెత్తబడే ఉష్ణోగ్రత 130 నుంచి 180 మధ్య. అంటే మన పని వేడిలోనే అది మెత్తబడుతుంది. మెత్తబడ్డాక మందం దిశలో విపరీతంగా వ్యాకోచించి, వయా (బోర్డు పొరలను కలిపే రంధ్రం) గొట్టాల రాగిని తెంపుతుంది. దీనికి బదులు పాలిమైడ్ బోర్డు వాడాలి. దాని పరిమితి 250 డిగ్రీల దగ్గర. పాలిమైడ్ గాలిలో తేమను బాగా పీల్చుకుంటుంది. సోల్డర్ చెయ్యడానికి ముందు 125 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చకపోతే లోపలి తేమ ఆవిరై పొరలు ఉబ్బుతాయి. నిరంతరం 200 దాటే పనికైతే పాలిమైడ్ కూడా వదిలేసి, అల్యూమినా సెరామిక్ పలక మీదే తీగలు అచ్చువేసే థిక్ ఫిల్మ్ హైబ్రిడ్‌కు వెళ్లాలి.

సోల్డర్ విషయంలో అందరూ కరిగే ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తారు. సీసం లేని ఎస్‌ఏసీ305 217 డిగ్రీలకు కరుగుతుంది కదా, 175 పరవాలేదనుకుంటారు. కెల్విన్‌లో లెక్కవేస్తే 448కి 490, అంటే కరిగే బిందువుకు 91 శాతం దగ్గర అది రోజంతా కూర్చుంటోంది. లోహం సగం దాటినప్పటినుంచే బరువుకు నెమ్మదిగా సాగడం మొదలవుతుంది. 91 శాతం దగ్గర ఏ చిన్న ఒత్తిడికైనా జాయింట్ జారుతుంది. పైగా తగరం, రాగి కలిసి పెళుసు పొరలు కడతాయి. అందుకే 93.5 శాతం సీసం, 5 శాతం తగరం, 1.5 శాతం వెండి ఉన్న మిశ్రమం వాడతారు, వాడుకలో హెచ్‌ఎంపీ. అది 296 డిగ్రీలకు కరగడం మొదలవుతుంది. తగరం తక్కువ కాబట్టి పెళుసు పొరా తక్కువే. 85 శాతానికి మించి సీసం ఉన్న హెచ్చు ఉష్ణోగ్రత సోల్డర్లకు ప్రమాదకర పదార్థాలను కట్టడిచేసే యూరప్ రోహెచ్‌ఎస్ నిబంధనల్లో మినహాయింపు కూడా ఉంది.

హెచ్‌ఎంపీతో పని చెయ్యడం ఓపిక పరీక్షే. రీఫ్లో ఓవెన్ 330 దాకా పోవాలి. అక్కడ ప్లాస్టిక్ కనెక్టర్లు కరుగుతాయి, ఫ్లక్స్ మాడుతుంది. మాడిన ఫ్లక్స్ గోధుమరంగు గాజులా గట్టిపడి, భాగాల కింద దాక్కుంటుంది. గదిలో మల్టీమీటరు పెడితే ఓపెన్ అనే చూపిస్తుంది. బోర్డును ఓవెన్‌లో 175కు చేర్చి చూస్తే అదే చోట లీకేజీ మొదలవుతుంది, ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ కొన్ని గంటలపాటు ఒకే దిశలో జరుగుతూ పోతుంది. సెన్సార్ డ్రిఫ్ట్ అనుకుని సెన్సార్ మార్చేస్తారు, జబ్బు తగ్గదు. కాబట్టి ఫ్లక్స్‌ను ఎంచుకునేటప్పుడే 330 డిగ్రీలు తట్టుకుని తర్వాత కడిగితే పోయేది చూసుకోండి. సోల్డర్ చేసిన గంటలోపే కడగండి. క్వార్ట్జ్ స్ఫటికాలు, బయటపడి ఉన్న వైర్‌బాండ్లు ఉన్న బోర్డును అల్ట్రాసోనిక్ తొట్టెలో పెట్టవద్దు.

సెరామిక్ ప్యాకేజీ, పాలిమైడ్ బోర్డు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. డిగ్రీకి పదిలక్షలో ఎనిమిది భాగాల తేడా అనుకుంటే, పది మిల్లీమీటర్ల ప్యాకేజీకి 150 డిగ్రీల మార్పుతో మధ్యనుంచి అంచుకు ఆరు మైక్రాన్ల తోపు. కాళ్లు లేని పెద్ద సెరామిక్ ప్యాకేజీని నేరుగా అతికిస్తే ఆ ఆరు మైక్రాన్లూ సోల్డరే మొయ్యాలి. రెక్కల్లాంటి కాళ్లున్న ఫ్లాట్‌ప్యాక్ వాడితే కాళ్లు వంగి ఆ ఒత్తిడిని మింగేస్తాయి.

చిప్పు లోపలి తీగల సంగతి. బంగారు తీగను అల్యూమినియమ్ ప్యాడ్ మీద అతికించడం చవక ప్యాకేజీల పద్ధతి. వేడికి ఆ రెండు లోహాలు ఒకదాంట్లోకొకటి చొరబడి ఊదారంగు మిశ్రమం కడుతుంది, పక్కనే కిర్కెండాల్ ఖాళీలు ఏర్పడతాయి. తీగ పైకి అతికే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ రెసిస్టెన్స్ పెరుగుతూ పోయి ఒకరోజు తెగుతుంది. ప్లాస్టిక్ ప్యాకేజీలో మంట ఆర్పడానికి కలిపిన బ్రోమిన్ ఉంటే ఈ కుళ్లు ఇంకా త్వరగా పాకుతుంది. బంగారం మీద బంగారం, లేదా అల్యూమినియమ్ మీద అల్యూమినియమ్ ఉన్న సెరామిక్ ప్యాకేజీలనే అడగండి. హైబ్రిడ్ మీరే చేయించుకుంటుంటే ఒకే లోహం అన్న షరతును పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి.

ఆరో అడుగు: బయటి గొట్టం

గేజ్ బయటి గొట్టానికి 25.4 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 19 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం అనుకుందాం. 15,000 పీఎస్ఐ అంటే 103 మెగాపాస్కల్‌లు. మందపాటి సిలిండర్ సూత్రం ప్రకారం లోపలి గోడ మీద సుమారు 470 మెగాపాస్కల్‌ల ఒత్తిడి పడుతుంది. నికెల్ మిశ్రమమైన ఇంకొనెల్ 718 చమురు గ్రేడులో యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 827 మెగాపాస్కల్‌లు. వేడికి కొంత తగ్గినా సరిపోతుంది. ఈ మిశ్రమానికి సమానమైన సూపర్‌ని 718ను హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని (మిశ్ర ధాతు నిగమ్) తయారుచేస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న బావి అయితే పదార్థం ఐఎస్‌వో 15156 నిబంధనలకు లోబడాలి. లోపల 19 మిల్లీమీటర్లుంటే బోర్డు వెడల్పు భాగాల ఎత్తు పోగా 16, 17 మిల్లీమీటర్లే. బోర్డు పొడవుగా, సన్నగా గియ్యడానికి అలవాటుపడాలి.

ఓ-రింగులను నమ్మకండి. అయిదేళ్లకు లోహపు సీల్, లేదా ఎలక్ట్రాన్ బీమ్ వెల్డింగ్. మూసేముందు లోపలి భాగాలను వ్యాక్యూమ్‌లో కాల్చి, పొడి నైట్రోజన్ నింపి, హీలియమ్‌తో లీక్ చూడాలి. ఒకసారి మూశాక లోపలున్న ప్రతి జిగురూ వేడికి ఆవిర్లు వదులుతుంది, ఆ ఆవిరికి బయటికి దారి లేదు. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ రకం అసలు వాడకూడదు. అది వదిలే ఆమ్లం రాగిని తింటుంది.

ఏడో అడుగు: కేబుల్, కరెంటు

శాశ్వత గేజ్‌కు పైనుంచి పావు అంగుళం లోహపు గొట్టంలో ఒకే తీగ వస్తుంది. అదే కరెంటుకు, అదే సమాచారానికి. గొట్టమే రిటర్న్. 18 గేజి రాగి తీగ నాలుగు కిలోమీటర్లకు 20 డిగ్రీల దగ్గర 84 ఓమ్‌లు. సగటున 100 డిగ్రీలకు వేడెక్కితే 110. గేజ్ 20 మిల్లీఆంప్‌లు తీసుకుంటే 2.2 వోల్టులు పోతాయి, పెద్ద లెక్క కాదు. ఇబ్బంది పెట్టేది కేబుల్ కెపాసిటెన్స్. అందుకే వేగం తక్కువ పెట్టుకుని, గేజ్ తీసుకునే కరెంటునే మార్చి పైకి సమాచారం పంపుతారు. పైన ఆ కరెంటును కొలిస్తే చాలు. కేబుల్ ఎక్కడైనా షార్టయితే పైనున్న కంట్రోలర్ కరెంటును పరిమితం చేసేలా చూడండి. ఒకే కేబుల్ మీద రెండు మూడు గేజ్‌లుంటే ఒకటి చస్తే మిగతావి మునగకుండా ప్రతిదానికీ విడి రక్షణ పెట్టండి.

కేబుల్ లేని మెమరీ గేజ్ చేసేవారు లిథియమ్ థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీ మీద ఆధారపడతారు. ఒక్క హెచ్చరిక: లిథియమ్ 180.5 డిగ్రీలకు కరుగుతుంది. మామూలు సెల్‌ను ఆ దగ్గరికి తీసుకెళ్తే పేలవచ్చు, లోపలి రసాయనాలు విషం. 200 డిగ్రీలకు లిథియమ్–మెగ్నీషియమ్ మిశ్రమంతో చేసిన ప్రత్యేక సెల్‌లున్నాయి. సెల్ రేటింగ్ విషయంలో అయిదు డిగ్రీల బేరం కూడా ఆడవద్దు. బావినుంచి బయటికి తీసిన మెమరీ గేజ్‌ను చల్లబడేదాకా మనుషులకు దూరంగా ఉంచండి.

ఎనిమిదో అడుగు: ఓవెన్‌లో నెలలు

మొదట పరీక్ష సామగ్రి చూసుకోండి. ఓవెన్ లోపలికి వెళ్లే తీగలు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పూతవి కావాలి. మామూలు సాకెట్లు 175 దగ్గర వంగి, కాంటాక్టులు ఆక్సైడ్ కడతాయి. మొదటి నెలలో కనిపించే "వైఫల్యాల్లో" చాలావరకు ఈ సాకెట్లవే. బోర్డును తీగలకు నేరుగా హెచ్‌ఎంపీతో అతికించడమే మేలు.

ఇక ఆయుష్షు. అయిదేళ్లు ఆగి చూడలేం కాబట్టి ఎక్కువ వేడిలో పెట్టి కాలాన్ని కుదిస్తాం. ఆరీనియస్ సూత్రం ప్రకారం యాక్టివేషన్ ఎనర్జీ (వేడికి వైఫల్యం ఎంత త్వరపడుతుందో చెప్పే అంకె) 0.7 ఎలక్ట్రాన్ వోల్టులైతే, 175 బదులు 225 దగ్గర 6.2 రెట్లు వేగంగా ముసలితనం వస్తుంది. 43,800 గంటలు 7,100 అవుతాయి, దాదాపు పది నెలలు. అదే ఎనర్జీ 0.5 అనుకుంటే వేగం 3.7 రెట్లే, 11,900 గంటలు పడుతుంది, పదహారు నెలలు. ఒక్క ఊహ మారితే ఆరు నెలల తేడా. కాబట్టి 0.7ను పుస్తకంలోంచి ఎత్తి రాయకండి. 200, 215, 225 లాంటి మూడు ఉష్ణోగ్రతల్లో బోర్డులు పెట్టి, ఎన్ని గంటలకు ఏది పోయిందో చూసి మీ డిజైన్‌కు మీరే తేల్చుకోండి. 225 దగ్గర పుట్టిన జబ్బు 175 దగ్గర పుట్టేదేనా అని కూడా సరిచూడాలి. బోర్డు మీద ఎక్కడో ఒక జాయింట్ పొరపాటున ఎస్‌ఏసీ305తో చేసి ఉంటే 225 దగ్గర అది కరిగి, పరీక్ష మొత్తం వృథా.

స్థిరమైన వేడితోపాటు హెచ్చుతగ్గుల పరీక్ష విడిగా చెయ్యాలి. గదినుంచి 200కు, మళ్లీ గదికి, కరెంటు ఇచ్చి ఉంచే. జాయింటు పగిలితే వేడెక్కేటప్పుడో చల్లబడేటప్పుడో కొన్ని సెకన్లపాటు మాత్రమే తెగుతుంది. రోజుకొకసారి రీడింగ్ తీసుకునేవాడికి అది ఎప్పటికీ దొరకదు. ప్రతి సెకనూ లాగ్ చెయ్యండి.

చచ్చిన ప్రతి బోర్డునూ కోసి చూడండి. అడ్డంగా కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోపు కింద పెడితే పగులు సోల్డర్‌లో ఉందా, ప్యాడ్ దగ్గరా, వయాలోనా తెలుస్తుంది. ఆ సదుపాయం లేకపోతే చర్లపల్లిలోని సీ-మెట్ లాంటి పదార్థ పరిశోధన సంస్థల్లో విశ్లేషణ చేయించుకునే దారులున్నాయేమో వాకబు చేయండి. కారణం తేలకుండా డిజైన్ మార్చవద్దు.

చివర క్యాలిబ్రేషన్. మొత్తం గేజ్‌ను, వెల్డింగ్ అయ్యాక, డెడ్ వెయిట్ టెస్టర్‌కు (బరువులతో ఖచ్చితమైన పీడనం పుట్టించే పరికరం) తగిలించి, గది ఉష్ణోగ్రతనుంచి పూర్తి వేడిదాకా అయిదారు మెట్లు, ప్రతి మెట్టులో పది పీడనాలు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. ప్రతి మెట్టులో ఉష్ణోగ్రత స్థిరపడే దాకా ఆగాలి. సెన్సార్ లోపలి ఉష్ణోగ్రత స్ఫటికం కాస్త వెనకబడి స్పందిస్తుంది, తొందరపడితే ఆ వెనకబాటే గుణకాల్లోకి ఎక్కి కూర్చుంటుంది. తర్వాత పూర్తి వేడి, పూర్తి పీడనం మీద కొన్ని వారాలు వదిలేసి, డ్రిఫ్ట్ ఎటు పోతుందో చూడండి. డ్రిఫ్ట్ రోజురోజుకూ తగ్గుతూ ఉండాలి. తగ్గకుండా నిలకడగా జరుగుతున్న గేజ్‌ను బావికి పంపవద్దు.

బావి దగ్గర

రిగ్ మీద గేజ్‌కు ప్రమాదం వేడితో రాదు, మనుషుల తొందరతో వస్తుంది. కేబుల్ చివర కోసి, గేజ్‌కు అతికించే స్ప్లైస్ పని రాత్రిపూట, వానలో, రిగ్ అద్దె గంటగంటకూ లెక్కపడుతుండగా జరుగుతుంది. స్ప్లైస్‌లో వేలిముద్ర తడి చేరినా వేడికి ఇన్సులేషన్ పడిపోతుంది. గ్లవ్స్, పొడి గుడ్డ, స్ప్లైస్ తర్వాత ప్రెషర్ టెస్ట్: వీటికి కావలసిన సమయం దింపే కార్యక్రమంలో ముందే రాసి ఉండాలి. దింపుతున్నంతసేపూ గేజ్‌కు కరెంటు ఇచ్చే ఉంచి, కొన్ని జాయింట్లకొకసారి (ఇక్కడ జాయింటంటే ఒక్కో ట్యూబింగ్ ముక్క) ఆగి, ఇన్సులేషన్ రెసిస్టెన్స్, పీడనం, ఉష్ణోగ్రత మూడూ రాసుకోండి. లోతు పెరిగేకొద్దీ పీడనం బావిలోని ద్రవం బరువుకు సరిపోవాలి, ఉష్ణోగ్రత నిదానంగా ఎక్కాలి. ఇన్సులేషన్ రెసిస్టెన్స్ వేడికి నెమ్మదిగా తగ్గితే సహజం. ఒక్క జాయింటు మధ్యలో ఉన్నట్టుండి పడితే అక్కడే ఆపి, కేబుల్ ఎక్కడ నలిగిందో వెతకాలి. ప్యాకర్ (ట్యూబింగ్ చుట్టూ బావిని మూసే సీల్) సెట్ చేశాక అది చెయ్యాలంటే వర్క్‌ఓవర్ రిగ్ (బావి మరమ్మతు రిగ్) మళ్లీ రావాలి.